హెల్మెట్‌లో నురగ

మా ఇంటి ముందు గది గోడకు పదకొండు ప్రశంసాపత్రాలు వేలాడుతున్నాయి. పదకొండూ నావే. ఓయితా కొండల్లో, దుంగల మీద పుట్టగొడుగులు పెంచుకుని బతికే ఊళ్ళో పుట్టాను. ఊరి బడిలో ఎంతవరకు చెబితే అంతవరకే చదివాను. ఆ చదువుతోనే ఉక్కు ఊరైన తొబాతాకు రైలెక్కి వచ్చి, కొలిమి పక్కనున్న ఆక్సిజన్ ప్లాంటులో చేరి, అక్కడే మేస్త్రీనయ్యాను. మూడు ప్లాంట్లకు మొదటి గాలి పట్టించిన చేతులివి. పెద్ద తుఫాను రోజున కరెంటు పోయి తొబాతా ముందున్న అఖాతం చుట్టూ ఉన్న ప్లాంట్లన్నీ ఆగిపోతే, అందరికంటే ముందు మళ్ళీ ఆక్సిజన్ తీసింది నా షిఫ్టే. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ కొరియాలో, తైవాన్‌లో పెద్ద పెద్ద ప్లాంట్లు నడుపుతున్నారు. కొత్త సంవత్సరానికి ఇప్పటికీ మర్చిపోకుండా కార్డులు రాస్తారు. షుతో ఇవావో అంటే ఎవరని ఈ ఒడ్డున అడగండి, ఆ ఒడ్డున అడగండి, చెబుతారు. ఇవన్నీ చెప్పుకోవడానికి నేను మొహమాటపడను. ఒక్కటీ ఊరికే వచ్చింది కాదు.

అయితే ఆ పదకొండింటిలో కిటికీ పక్కన ఉన్నదాని ముందు నిలబడితే మాత్రం నాకు ఇంకొకాయన ముఖం గుర్తొస్తుంది. మధ్యలో ఒక్కసారీ ఆగకుండా ప్లాంటును చాలాకాలం నడిపించినందుకు ఇచ్చారు దాన్ని. దాని మీద ఉన్నది నా పేరు. అది నాకు దక్కేలా చేసిన మనిషి ఉరాబె తొయోకిచి. ఆయన గురించి ఎవరూ ఏమీ రాయలేదు. రాయదగ్గ పని ఒకటి తాను చేశానని ఆయన కూడా అనుకోలేదు. నాకు ఎనభై దాటాయి. ఇప్పుడైనా నేను రాయకపోతే ఇంక రాసేవాళ్ళు లేరు.

ఉరాబె అన్న సొంతూరు కనెజాకి రేవు. ఆయన తల్లి నత్తగుల్లల కోసం సముద్రం అడుగుకు మునిగే మనిషి. ఆ రేవులో ఆడవాళ్ళు తరతరాలుగా చేసే పని అది. "మా అమ్మ ఊపిరి బిగబట్టి మమ్మల్ని పెంచింది. నేనేమో ఊరందరికీ ఊపిరి తయారుచేసి పంచుతున్నాను. ఇంట్లో ఒకళ్ళు దాచింది ఇంకొకళ్ళు ఖర్చు పెడుతున్నట్టుంది" అని నవ్వేవాడు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను ప్లాంటులో అడుగుపెట్టిన రోజున నన్ను ముందు తీసుకెళ్ళింది మిషన్ దగ్గరికి కాదు, కార్మికుల స్నానాల గదికి. "కొండ మట్టి సగం నీ చెవుల్లోనే ఉంది కదరా. రైల్లో దానికీ టికెట్ తీసుకున్నావా?" అని వీపు తోమి పంపాడు.

శుభ్రం విషయంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. పదిమంది విప్పిన బూట్లు కనిపిస్తే వంగి వరసలో పెట్టేవాడు. టీ కప్పును తాగుతుండగానే తుడిచేవాడు. ఏడాది చివర్లో వాళ్ళ నాన్న తన చేపల పడవను పలక పలకనూ తోమి కొత్త ఏటిలోకి పంపేవాడట. ఆ అలవాటే కొడుక్కు వచ్చింది. ఆయనకు పడవ లేదు కాబట్టి మా నీళ్ళ మేడ మీద పడ్డాడు.

నీళ్ళ మేడ అంటే ఏమిటో చెప్పాలి. మా పని చెప్పుకోవడానికి తేలికే. బయటి గాలిని లోపలికి లాగి, బాగా నొక్కి, కడిగి, ఆరబెట్టి, ద్రవమయ్యేంత చల్లబరిచి, అందులోంచి ఆక్సిజన్‌ను ఒక పక్కకు, నైట్రోజన్‌ను ఒక పక్కకు తీస్తాం. నొక్కిన గాలి వేడెక్కుతుంది. అందుకని దాన్ని ఒక పొడుగాటి టవర్‌లో కిందినుంచి పైకి పంపి, పైనుంచి నీళ్ళు కురిపిస్తాం. దాన్ని మేం గాలిస్నానం అనేవాళ్ళం. అక్కడ వేడెక్కిన నీళ్ళు చెక్కపలకల మీదుగా జారి చల్లారి మళ్ళీ గాలిస్నానానికి వెళ్తాయి. ఆ చెక్కల కట్టడమే నీళ్ళ మేడ. అందులో రెండు భాగాలు. చలికాలంలో ఒకటి నడిస్తే చాలు, రెండోది ఖాళీగా ఉంటుంది. దాని బాగోగులు చూసేది ఉరాబె అన్న.

స్నానం చేసి వచ్చిన గాలి, రెండు పెద్ద పాత్రల్లో ఒకదానిలోకి వెళ్తుంది. వాటి నిండా చిన్న చిన్న తెల్ల గుళికలు. గాలిలో మిగిలిన తేమనూ బొగ్గుపులుసు వాయువునూ పీల్చేసుకునేవి అవే. ఒక పాత్ర పీలుస్తూ ఉంటే ఇంకోదాన్ని వేడి వాయువుతో ఆరబెడతాం, తర్వాత అదీ ఇదీ మారుతాయి. ఆ గుళికలకు ఒక గుణం ఉంది. నీళ్ళు కనిపిస్తే ముందు వాటినే తాగుతాయి. నీళ్ళతో కడుపు నిండిందా, బొగ్గుపులుసు వాయువును పట్టించుకోకుండా వదిలేస్తాయి. అది దాటి చల్లటి భాగంలోకి వెళ్తే మంచులా గడ్డకట్టి సన్నటి దారులన్నీ మూసేస్తుంది. అప్పుడు ప్లాంటు మొత్తం ఆపాలి, కరిగించాలి, మళ్ళీ చల్లబరచాలి. వారం పైమాటే. ఆ వారమంతా కొలిమి నీరసపడుతుంది. మా లారీల మీద ఆధారపడ్డ ఆసుపత్రుల ట్యాంకులు అడుగంటుతాయి.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. నేను ఆ ప్లాంటుకు మేస్త్రీనై కొన్నాళ్ళయింది. ఉరాబె అన్నకు మార్చి నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. రిటైరైనవాళ్ళలో ఒకరిని మూడేళ్ళు మళ్ళీ పనిలోకి తీసుకునే పద్ధతి ఉండేది. మా సెక్షన్‌కు ఆ ఏడు ఒక్క చోటే వచ్చింది. ఎవరి పేరు పంపాలో మా సెక్షన్ అధికారి షిరోజుగారి చేతిలో ఉంది. ఉరాబె అన్నకు ఆ చోటు కావాలి. ఆయనకంటే ఎక్కువగా ఆయన భార్య ఫుజియె వదినకు కావాలి.

"షుతో గారూ, ఆయన్ను ఇంకో మూడేళ్ళు అక్కడే ఉంచుకోండి. ఇంట్లో కూర్చుంటే చాపలు తోమి తోమి నేల కనిపించేలా చేస్తాడు. నిన్న పిల్లికి కూడా స్నానం చేయించాడు. అది ఇంకా తిరిగి రాలేదు" అని నాతో మొర పెట్టుకుంది.

నేను అన్నను అడిగాను. "చిన్నప్పట్నుంచీ పక్కన నీళ్ళ చప్పుడు ఉంది నాకు. రేవులో అలలు, ఇక్కడ మేడ. ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగిపోతే ఏమవుతానో తెలియడం లేదు షుతో" అన్నాడు.

ఏడాది చివరి పనిదినాన అందరం కలిసి ప్లాంటు కడగడం మా దగ్గర ఆనవాయితీ. అధికారి కూడా చీపురు పట్టాల్సిందే. ఆ రోజు నేను ప్యానెల్ బోర్డు తుడిచాను, షిరోజుగారు కిటికీలు తుడిచారు, ప్యానెల్ చూసే కురోగి అందరి పనికీ వంకలు పెడుతూ తిరిగాడు. ఉరాబె అన్న మాత్రం నడుముకు తాడు కట్టుకుని నీళ్ళ మేడ ఖాళీ భాగంలోకి దిగాడు. చెక్కల మీద ఏళ్ళ తరబడి పచ్చటి పాకుడు పేరుకుని ఉంది.

"చెక్కలకు పెళ్ళి చూపులా ఏంటి బాబాయ్, అంత తోముతున్నావు?" అని కింద నుంచి కురోగి కేకేశాడు.

"నీ మొహం తోమినా ఇంత తెల్లబడదు, అందుకే చెక్కలే తోముతున్నా" అని పైనుంచి జవాబు వచ్చింది.

ఆ పాకుడు మామూలు బ్రష్‌కు లొంగలేదు. ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్నదేదో చల్లి తోమాడు, లొంగింది. పైపుతో కడిగాడు. చలికి పైపులో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఈలోపు కింద అందరికీ వేడి నూడిల్స్ వడ్డించారు. సెక్షన్ అధికారి గిన్నె చేత్తో పట్టుకుని పైకి చూసి, "ఉరాబె గారూ, కొత్త చెక్కలు వేయించారా?" అని నిజంగానే అడిగారు. అన్న ముఖం వెలిగిపోయింది. ఆ మేడ అంత శుభ్రంగా ఉండడం నేనూ చూడలేదు.

కొత్త సంవత్సరం మొదటి రోజు మా షిఫ్టే పనిలో ఉంది. పండగ శుభానికని కంప్రెసర్‌కు గడ్డి తాడు కట్టాం. ప్యానెల్ బోర్డు మీద రెండు మోచి అనే బియ్యప్పిండి ముద్దలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన నారింజపండు ఉంచాం. అప్పుడు ఉరాబె అన్న నా దగ్గరికి వచ్చి, పిల్లవాడు కొత్త బట్టలు వేసుకుంటానన్నట్టు అడిగాడు.

"మేస్త్రీ, ఏడాదిలో మొదటి నీళ్ళు నా కొత్త భాగంలో పోద్దామా?"

ఎలాగూ మార్చే వంతే అది. నీళ్ళు మళ్ళించాం. తోమిన చెక్కల మీద నీళ్ళు జారుతుంటే అందరం నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకున్నాం.

మర్నాడు పొద్దున పనిలోకి వచ్చేసరికి కురోగి ప్యానెల్ ముందు తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు.

"మేస్త్రీ, ఈ సూది పండక్కి తాగినట్టుంది. కుదురుగా నిలబడటం లేదు."

అది గాలిస్నానం టవర్‌లో కిందికీ పైకీ ఉన్న ఒత్తిడి తేడాను చూపే సూది. వణుకుతోంది. దాన్ని చూసి నేను గీతల కాగితం దగ్గరికి వెళ్ళాను. ఆరబెట్టే పాత్ర నుంచి బయటికొచ్చే వాయువు వేడిని ఒక కలం కాగితం మీద గీస్తూ ఉంటుంది. గుళికలు బాగా ఆరితే ఆ గీత కొండలా లేచి దిగుతుంది. తడి ఉంటే వేడినంతా ఆ నీళ్ళే తినేస్తాయి, కొండ ఎదగదు. ఆ కొండను చూసి పాత్ర కడుపులో ఏముందో చెప్పడం నేను ఎంతోమందికి నేర్పాను. ఆ పొద్దున కొండ లేదు, చిన్న గుట్ట ఉంది. పక్కనున్న ఇంకో గీత, గుళికలు దాటి వచ్చే బొగ్గుపులుసు వాయువుది. ఎప్పుడూ నేలబారుగా పడుకుని ఉండే ఆ గీత, పాత్ర మారే ముందు తల ఎత్తుతోంది. పోయినసారి కన్నా ఈసారి కొంచెం ఎక్కువ ఎత్తింది. దాని పైన ఎర్రగీత ఉంది. అది తగిలితే ఆపడం తప్ప వేరే దారి లేదు.

షిరోజుగారికి ఫోన్ చేశాం. అత్తారింట్లో పండగ భోజనం మధ్యలోంచి లేచి వచ్చారు. వచ్చేలోపు నేను చూడాల్సినవన్నీ చూసి పెట్టాను.

"ఎక్కడ, షుతో గారూ? వేడి చేసే చోట ఆవిరి గానీ కారుతోందా?"

"లేదండి. ఆ వైపు విప్పి చూశాం, పొడిగా ఉంది. నీళ్ళు గాలితోనే వస్తున్నాయి. పాత్రలోకి వచ్చే దారిలో డ్రెయిన్ తెరిస్తే పుక్కిలించినట్టు కక్కింది."

"గాలిస్నానంలో నీళ్ళు ఎక్కువయ్యాయా?"

"మట్టం సరిగ్గానే ఉంది. కురిసే నీళ్ళూ ఎప్పటిలాగే ఉన్నాయి. గాలీ అంతే. అన్నీ సరిగ్గా ఉన్నాయి, నీళ్ళు మాత్రం ఎగిరి పోతున్నాయి."

ఆయన గీతలన్నీ ఇంకోసారి చూశారు. మంచి ఇంజనీరు ఆయన, తొందరపడి మాట అనేవారు కాదు. "అయితే టవర్ పైన తుంపరను ఆపే జాలీ చిరిగి ఉండాలి" అన్నారు.

"నాకూ అదే అనిపిస్తోంది."

"జాలీ చూడాలంటే?"

"ఆపాలండి."

ఆపితే గడ్డ కట్టకపోయినా లోపలిదంతా వేడెక్కిపోతుంది, మళ్ళీ చల్లబరచడానికి రోజులు పడుతుంది. పండగ రోజులు. బయటి నుంచి ఆక్సిజన్ తెప్పిద్దామంటే లారీ నడిపేవాళ్ళు ఊళ్ళలో ఉన్నారు. షిరోజుగారు ఆసుపత్రుల్లో ఏ ట్యాంకు ఎంతుందో కనుక్కోమన్నారు. కొలిమి వాళ్ళకు ముందుజాగ్రత్తగా ఫోన్ చెయ్యమన్నారు.

ఉరాబె అన్న తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. "కురోగీ, ఆ సూది ఎప్పట్నుంచి వణుకుతోంది?" అని అడిగాడు.

"నిన్న మధ్యాహ్నం నుంచి బాబాయ్. నీ కొత్త చెక్కల మీద నీళ్ళు పడిన సంతోషంలో వణుకుతోందేమో."

కురోగి వేళాకోళానికే అన్నాడు. ఎవరో చిన్నగా నవ్వారు కూడా. అన్న నవ్వలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన నెత్తిన హెల్మెట్ లేదు. దాన్ని బోర్లించకుండా రెండు చేతుల్లో గిన్నెలా పట్టుకుని వచ్చాడు. నేరుగా ప్యానెల్ దగ్గరికి వచ్చి, మోచి ముద్దల పక్కన పెట్టాడు. దాని నిండా తెల్లటి నురగ ఉంది. చిన్న చిన్న బుడగలు. మేం చూస్తుండగానే కొన్ని పగులుతున్నాయి, మిగతావి పగలడం లేదు.

"ఇది నాది" అన్నాడు.

"ఏంటన్నా ఇది?" అన్నాను.

"గిన్నెలు తోమే సబ్బు. మా ఆవిడది. ఏడాది చివర పాకుడు వదలకపోతే చల్లాను. పై చెక్కలు కడిగాను. వెనక చెక్కలకు పైపు నీళ్ళు అందలేదు, అక్కడ ఎండిపోయి ఉంటుంది. నిన్న నీళ్ళు పోశాక కరగడం మొదలుపెట్టింది. మేడ కింద తొట్టిలో ఓ మూల ఇంత ఎత్తున ఉంది. గాలిస్నానంలో ఇదే నురగ పైకి లేచి, జాలీని దాటి, గాలితో పోతోంది. జాలీకి ఏమీ కాలేదు." ఊపిరి తీసుకున్నాడు. "జాలీ కోసం ప్లాంటు ఆపకండి. ఆపి, విప్పి, అంతా బాగుందని మూసి, మళ్ళీ నడిపితే మళ్ళీ ఇదే అవుతుంది."

ఈ మాటలన్నీ ఆయన నాతో అనలేదు. షిరోజుగారి ముఖంలోకి చూస్తూ అన్నాడు. ఎవరి పేరు పంపాలో పండగ అయ్యాక రాయబోయే మనిషి ఆయనే. ఉరాబె అన్నకు అది తెలుసు. నాకూ తెలుసు. తొట్టి దగ్గర ఆ సమయంలో ఇంకెవరూ లేరు. ఆ మూలన ఉన్న నురగను బకెట్‌తో ఎత్తి పారేసి, చేతులు కడుక్కుని వచ్చి ఊరుకుంటే, ఆయన పేరు ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. మేం జాలీనో, దాన్ని బిగించినవాళ్ళనో తిట్టుకుంటూ ఉండేవాళ్ళం.

షిరోజుగారు వేలు పెట్టి నురగను తాకారు. "మంచి సబ్బే" అన్నారు. నా వైపు తిరిగి, "షుతో గారూ, ఆపకుండా లాక్కురాగలమా?" అని అడిగారు.

"ఎర్రగీత తగలనంతవరకు ప్రయత్నిద్దాం. తగిలితే మిమ్మల్ని అడగను, ఆపేస్తాను."

"అడగొద్దు. ఆపేయండి."

కురోగి అప్పటికే లేచి నిలబడ్డాడు. తన వేళాకోళం వల్లే అన్న పేరు బయటికొచ్చిందన్న బాధ వాడి ముఖంలో ఉంది. "మేస్త్రీ, మా వీధిలో టోఫు కొట్టాయన సోయా పాలలో నురగ చావడానికి ఏదో వేస్తాడు. తలుపు కొడితే ఇస్తాడు, తెచ్చేదా?"

"అందులో నూనె ఉంటుంది. ఆక్సిజన్ ఉన్న ఇంట్లోకి నూనె తెస్తావా? మనందరి ఫోటోలకూ ఒకేసారి దండలు వేయించాలని ఉందా? కూర్చో. నీళ్ళతో వచ్చింది నీళ్ళతోనే పోవాలి."

ఆ పని ఎలా చేయాలో నాకు తెలుసు. నా జీవితంలో ఎక్కువగా గర్వపడేది ఆ రెండు రోజుల పని చూసే. ముందు నీళ్ళను పాత భాగంలోకి మళ్ళించి తోమిన భాగాన్ని ఆపేశాం. కొలిమి వాళ్ళతో మాట్లాడి గాలి తగ్గించాను. గాలి నెమ్మదిగా వెళ్తే నురగను ఎత్తుకుపోలేదు. గాలిస్నానంలో పైనుంచి కురిసే నీళ్ళనూ తగ్గించాను. చలికాలం కాబట్టి గాలి తక్కువ నీళ్ళతోనే చల్లబడింది, అది మా అదృష్టం. పాత్రల ముందున్న డ్రెయిన్లన్నీ తెరిచి మనిషిని కాపలా పెట్టాను. తొట్టి అడుగు నుంచి సబ్బు నీళ్ళు వదులుతూ, పైనుంచి ఫైర్ పైపులతో మంచినీళ్ళు పోయించాను. తడి గుళికలకు ఎప్పటికన్నా వేడి వాయువు, ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టించాం. ఇంకో పాత్ర చేత పూర్తి వంతు పీల్పించకుండా ముందుగానే మార్చేశాం. ఇద్దరు రోగులను ఒకే మంచం మీద మార్చి మార్చి పడుకోబెట్టినట్టుంది ఆ పని.

ఉరాబె అన్న తొట్టి గట్టు మీద ఉన్నాడు. ఎక్కడి నుంచి సంపాదించాడో, పొడుగాటి వెదురు కర్రకు సన్నటి వల కట్టి ఉంది. దానితో నురగను ఎత్తి గట్టు అవతల పోస్తున్నాడు. చేపలు పట్టేవాడి కొడుకు చేసినట్టే, ఒక్క దెబ్బ వృథా కాకుండా చేశాడు. నేను టీ తీసుకుని వెళ్ళాను.

"కాసేపు కూర్చో అన్నా. చేతులు నీలం తిరిగాయి."

"మా అమ్మ ఈ చలిలో నీళ్ళ అడుగుకు వెళ్ళేది. నేను పైనే కదా ఉన్నాను." టీ తాగి, కప్పు తుడిచి ఇచ్చాడు. "షుతో, నువ్వు మేస్త్రీవి అయ్యాక ఇలా అయింది. నీ పేరు పాడవకూడదు. అదొక్కటే నాకు."

"నా పేరు సంగతి నేను చూసుకుంటా. నువ్వు వల చూసుకో."

లోపల బొగ్గుపులుసు వాయువు గీత, పాత్ర మారిన ప్రతిసారీ తల ఎత్తుతూనే ఉంది. ఒకసారి ఎర్రగీతకు వేలు దూరంలోకి వెళ్ళింది. నా చెయ్యి ఆపే మీట మీదే ఉంది. షిరోజుగారు నా పక్కన నిలబడి కలాన్నే చూస్తున్నారు. కలం అక్కడే కాసేపు ఊగి, కిందికి దిగింది. తర్వాతిసారి అంత పైకి రాలేదు. ఆ తర్వాత ఇంకా తక్కువ. మర్నాడు మధ్యాహ్నానికి కురోగి నన్ను పిలిచి వేడి గీత వైపు చూపించాడు. గుట్ట మళ్ళీ కొండ అయింది. సూది వణకడం మానేసింది.

పండగ సెలవులు అయ్యాక షిరోజుగారు ఉరాబె అన్నను పిలిపించారు. నేనూ ఉన్నాను. అన్న శుభ్రంగా ఉతికిన యూనిఫాం వేసుకుని, ముందే తల వంచి నిలబడ్డాడు. "తప్పు నాది. ఆ ఒక్క చోటు ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాడు.

"సబ్బు తప్పు మీది. తర్వాత కడిగించాలని ఎవరికీ తోచకపోవడం మా అందరిదీ" అన్నారు షిరోజుగారు. "ఆ రోజు మీరు ఊరుకుని ఉంటే, నేను ప్లాంటు ఆపి, విప్పి, జాలీ బాగానే ఉందని మూసి, మళ్ళీ నడిపేవాణ్ణి. మళ్ళీ తడిసేది. ఆ గుళికలన్నీ పారేయాల్సి వచ్చేది. అప్పటికీ ఎందుకో నాకు తెలిసేది కాదు. ఇంకో మూడేళ్ళలో ఇలాంటి రోజు మళ్ళీ వస్తుంది, ఏదో ఒకటి వస్తుంది. అప్పుడు నాకు చెప్పే మనిషి ఆ మేడ దగ్గర ఉండాలి. మీ పేరే పంపాను."

అన్న తల ఎత్తలేదు. షిరోజుగారు ఇంకో మాట కలిపారు. "సబ్బు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

ఆ సాయంత్రం ఫుజియె వదిన తవుడులో ఊరబెట్టి ఉడికించిన కవళ్ళ చేపలు పెద్ద గిన్నెడు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వాసన వెళ్ళింది. "మూడేళ్ళు బతికించారు. ఇక ఆ సబ్బు దాచడానికి చోటు వెతుక్కోవాలి" అంది. పిల్లి వచ్చిందా అని అడిగాను. వచ్చిందట, కానీ ఆయన ఇంట్లో ఉంటే గడప తొక్కడం లేదట.

మరుసటి ఏడాది చివర, ప్లాంటు కడిగే రోజున, గేటు లోపల ఉరాబె అన్న ఒక వెదురు బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడి చేతిసంచీ చూసి, సబ్బు అనేది ఏ రూపంలో ఉన్నా తీసి బుట్టలో వేశాడు. షిరోజుగారి సంచీలో ఉన్న కిటికీల సబ్బు కూడా తీసుకున్నాడు. ఆయన బుద్ధిగా ఇచ్చేశారు. నేను దర్జాగా లోపలికి నడవబోతుంటే, "మేస్త్రీ, నీ జేబు?" అన్నాడు. స్నానానికని మా ఆవిడ పెట్టిన చిన్న సబ్బుబిళ్ళ ఉంది. అదీ బుట్టలో పడింది. కురోగి ఆ రోజంతా దాని గురించే మాట్లాడాడు. సాయంత్రం ఎవరి సబ్బు వాళ్ళకు, ఒక్కటీ తారుమారు కాకుండా తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత ఆ ప్లాంటులో ఏటా ఎవరో ఒకరు ఆ బుట్ట పట్టుకుని కూర్చుంటున్నారు. ఇప్పుడున్న పిల్లలకు అది ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

నురగ వచ్చిన ఏడు వసంతంలోనే, ఆగకుండా నడిపినందుకు అద్దం కట్టిన ప్రశంసాపత్రం నాకు వచ్చింది. వేదిక మీద నా పేరు చదివారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆ రోజును నేను మర్చిపోను. కానీ దాన్ని నేరుగా ఇంటికి తీసుకెళ్ళలేదు. గేటు బయట, మా వాళ్ళందరూ నిలబడి వేడివేడి బియ్యపు సారా తాగే కొట్టు ఉంది. అక్కడ ఉరాబె అన్న ఎప్పుడూ ఒకే మూల నిలబడతాడు. ఆయన ముందు బల్ల మీద దాన్ని పెట్టాను.

ఆయన మెడకున్న తువ్వాలు తీసి, అద్దం మీద పడిన నా వేలిముద్రలు తుడిచాడు. నాలుగు మూలలూ తుడిచాడు. పొడి బట్టతోనే. దూరంగా పట్టుకుని చూశాడు.

"నీ పేరు బాగా రాశారు" అన్నాడు.

"అన్నా" అన్నాను. ఎన్నో మాటలు నోటి దాకా వచ్చాయి. నేను మాటలు రాని మనిషిని కాను, ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజు మాత్రం ఒక్కటే వచ్చింది. "నీ రుణం తీర్చుకోలేను."

ఆయన నా గ్లాసును నా వైపు జరిపాడు. దాని అంచు కూడా తుడిచే ఉంది.

"తాగు, చల్లారిపోతోంది" అన్నాడు.